రెండు నిమ్మకాయల తేడా

మంగళగిరి రేవు లారీ యజమానుల సంఘం నియమించిన సాఫ్ట్‌వేర్ ఎంపిక కమిటీకి కన్వీనరుగా నేను రాసుకున్న దినచర్య ఇది. నివేదిక వేరే ఉంది, దాన్ని సభ్యులందరూ ఆమోదించారు. అందులో పట్టనివి ఇక్కడ ఉన్నాయి.

నమోదు 1

పాత సాఫ్ట్‌వేర్ ఈ ఉదయం పూర్తిగా ఆగిపోయింది. దాన్ని తయారు చేసిన కంపెనీ, తానున్న వీధితో సహా, కొన్ని వర్షాకాలాల క్రితమే సముద్రంలో కలిసిపోయింది. అయినా సాఫ్ట్‌వేర్ ఇన్నాళ్లూ అలవాటు కొద్దీ నడుస్తూ వచ్చింది. ఈ రోజు ఒకే బండికి ఒకేసారి పన్నెండు గమ్యాలు సూచించి విశ్రమించింది.

కొత్తదాన్ని ఎంచడానికి కార్యాలయపు నేలమాళిగలో అత్యవసర సమావేశం జరిగింది. ఎండ నిషేధ వేళల్లో పై అంతస్తులు వాడకూడదు. సంఘం అధ్యక్షులు చుండూరి భద్రయ్య గారు మజ్జిగ బిళ్ల చప్పరిస్తూ అవసరాలను సంగ్రహంగా వివరించారు.

"మన బండి గేటుతో మాట్లాడాల. కాటాతో మాట్లాడాల. చల్లదనం పోసే స్తంభంతో మాట్లాడాల. బీమావోళ్లతో మాట్లాడాల. ఏది అన్నిటితో మాట్లాడితే అది తీసుకోండి."

"మనుషులతో?" అని అడిగాను.

"దానికి ఫోనుంది గదయ్యా."

అనుసంధాన శాస్త్రంలో డాక్టరేటు ఉన్నవాడిని సంఘంలో నేనొక్కడినే కనుక నన్ను కన్వీనరుగా నియమించారు. ఎవరూ వ్యతిరేకించలేదు. భత్యం లేదని తెలిశాక ఎవరూ అసూయపడలేదు.

నమోదు 2

పరిశీలనకు పదిహేడు సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ప్రతి విక్రేతనూ ఒకటే అడిగాను: మీది మా గేట్లతో కలుస్తుందా? పదిహేడుగురూ కలుస్తుందనే అన్నారు. అందుచేత నాలుగు శ్రేణులు ఏర్పరచవలసి వచ్చింది: కలిసింది, కలుస్తుంది, కలుస్తుందంటున్నారు, కలిస్తే బాగుండును. మొదటి శ్రేణికే మార్కులు.

ఒక కంపెనీవారు తమ సాఫ్ట్‌వేర్ కాటాతో మాట్లాడడం మా కళ్లముందే చూపించారు. బరువు అడిగితే కాటా తడుముకోకుండా జవాబిచ్చింది. సభ్యులు చప్పట్లు కొట్టారు. ఇంతలో పక్క గదిలోంచి తుమ్ము వినబడింది. కాటా తరఫున జవాబులు టైపు చేస్తున్నది వారి ఉద్యోగేనని తేలింది. అయినా ఆ కుర్రవాడు చెప్పిన బరువులు మా కాటా చెప్పేవాటికంటే సరిగ్గా ఉన్నాయని ఒక సభ్యుడు అసమ్మతి నమోదు చేయించారు.

వడపోత తర్వాత రెండు మిగిలాయి. ఒకటి 'ఇరుసు', దాని ప్రతినిధి హంసిని. రెండోది 'పగ్గం', దాని ప్రతినిధి తేజోమూర్తి. ఇద్దరూ వినయవంతులు. ఇద్దరూ నేను నోరు తెరవకముందే అవునంటారు.

నమోదు 3

ఇతర సంఘాలవారికి అర్థం కాని ఒక అంశాన్ని ఇక్కడ నమోదు చేయాలి.

బండి బయల్దేరడం అంటే ఏమిటి? ఈ ప్రశ్నకు లోకంలో ఇంజను, తాళం, కదలిక అంటూ రకరకాల జవాబులున్నాయి. మా సంఘంలో జవాబు నిమ్మకాయ. చక్రం కింద నిమ్మకాయ నలిగిన క్షణమే ప్రయాణ ప్రారంభమని మా నియమావళిలో ఉంది. బీమా, చల్లదనపు కోటా, గేటు అనుమతి, అన్నీ ఆ క్షణం నుంచే మొదలవుతాయి. నలిగిందీ లేనిదీ కనిపెట్టే పరికరం టైరులోనే ఉంటుంది.

మనిషి తోడు చట్టం ప్రకారం ప్రతి బండిలోనూ డ్రైవరు ఉండాలి. బండి దానంతటదే నడుస్తుంది. ఏదైనా జరిగితే బాధ్యత వహించడానికి డ్రైవరు కూర్చుని ఉంటాడు. నిమ్మకాయ డ్రైవరు క్షేమం కోసం. అందుచేత ఏ కారణం చేతనైనా డ్రైవరు మధ్యదారిలో దిగిపోతే, ఆ బండికి నిమ్మకాయతోనూ ప్రారంభంతోనూ పని లేదు. గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయి. సరుకు ఆగకూడదని పెట్టుకున్న వెసులుబాటు ఇది.

చిక్కు ఒక్కటే. నెల్లూరు వైపు యజమానులు ముందు చక్రాల కింద రెండు కాయలు పెడతారు. గుంటూరు వైపువారు ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు పెడతారు. సంఘంలో చిరకాలంగా రెండే చెల్లుతూ వచ్చాయి. ఇరుసువారికి మా అవసరాల పత్రం అందిన తర్వాత, పగ్గంవారికి అందకముందు, సర్వసభ్య సమావేశం రెండును నాలుగుగా సవరించింది. తీర్మానం స్వల్ప ఆధిక్యంతో నెగ్గింది. రెండు కుర్చీలు విరిగాయి.

కాబట్టి ఇరుసుకు రెండు కాయలు చాలు. పగ్గానికి నాలుగు కావాలి. ఈ తేడాను పరీక్షా ప్రయాణంలో గమనించవచ్చునని కమిటీ అభిప్రాయపడింది.

నమోదు 4

పరీక్షా ప్రయాణం మొదలైంది. ఉదయగిరి కొండమీద ఎండ తగలకుండా కప్పు కింద పెంచే తోటల నుంచి ఒక బండి మన రేవుకు రావాలి. రెండు సాఫ్ట్‌వేర్లూ అదే బండిని ఒకేసారి నడిపిస్తాయి. రెండూ ఒప్పుకుంటేనే గేటు తెరుచుకుంటుంది. పరీక్ష ముగిసేదాకా ఏ ఒక్కదాన్నీ తప్పించకూడదని ఇరుపక్షాలతోనూ ఒప్పందం ఉంది.

సరుకు కూడా నిమ్మకాయలే. ఎంపికైన సాఫ్ట్‌వేర్ ప్రారంభోత్సవం నాడు మన బండ్లన్నిటి కిందా పెట్టడానికి తెప్పిస్తున్నాం. నిమ్మకాయ దొరకడమే గగనమైన ఈ కాలంలో ఇంత సరుకు సంపాదించినందుకు అధ్యక్షులను కమిటీ అభినందించింది.

డ్రైవరు షేక్ నాగూర్ మీరా. ఇప్పటివరకు బాధ్యత వహించవలసిన సందర్భం రాని మనిషి. బయల్దేరే ముందు ఫోనులో మాట్లాడాడు.

"డాక్టరు గారూ, ఒక్క బండికి ఇద్దరు పెత్తందార్లంట గదా?"

"మూల్యాంకనం కోసం."

"నాకలవాటే లెండి. మా ఇంట్లో మా అమ్మా, మా ఆవిడా ఉండారు."

"నిమ్మకాయలు పెట్టారా?"

"రెండు పెట్టా. మా నాయన పెట్టినట్టే. నలిగినయ్ కూడా. పోయొస్తా."

రెండు అని అతను స్పష్టంగానే అన్నాడు. నేను స్పష్టంగానే విన్నాను. ఇది పరీక్ష కనుక జోక్యం చేసుకోలేదు.

నమోదు 5

బండి దారిలోని మొదటి గేటు, గుండ్లకొండ గేటు దగ్గర ఆగింది. అది మనుషులెవరూ లేని చోటు. ఒక గేటు, చల్లదనం పోసే ఒక స్తంభం, అటూ ఇటూ దారి.

ఇరుసు ప్రకారం బండి బయల్దేరింది, కనుక ముందుకు పోవాలి, వెనక్కి తిరగరాదు. పగ్గం ప్రకారం బండి బయల్దేరడం సగం అయింది, కనుక ఇంకా ఉదయగిరి షెడ్డులోనే ఉంది. షెడ్డులో ఉన్న బండికి గేటు తెరవరు. స్తంభం చల్లదనం పోయాలన్నా ప్రయాణం చెల్లుబాటు కావాలి. ప్రస్తుతం బండిలో ఉదయగిరిలో నింపుకున్న చల్లదనమే ఉంది. అది అయిపోతే ఆ ఎండలో ఇనుప క్యాబిన్ ఏమవుతుందో చెప్పడానికి డాక్టరేటు అక్కర్లేదు.

"ఇంకో రెండు కాయలు వెనక చక్రాల కింద నలిపితే చాలు," అని నాగూర్ మీరాకు చెప్పాను.

"కాయలెక్కడియ్యి సార్?"

"బండినిండా ఉన్నాయి కదా."

"పెట్టెకు తాళం ఉంది గదండీ. బండి రేవుకొచ్చిందాకా తెరుచుకోదంట. నా ఈపు వెనకాల్నే ఉన్నయ్. వాసన గూడా వస్తంది."

సరుకు భద్రత అంశంలో రెండు సాఫ్ట్‌వేర్లకూ పూర్తి మార్కులు వేశాను.

నమోదు 6

ప్రతినిధులిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను.

"మా వైపు నుంచి బండి బయల్దేరింది సార్. లోపం మా దగ్గర లేదు," అంది హంసిని.

"మా వైపు నుంచి బండి షెడ్డులోనే ఉంది సార్. ఆలస్యం ఏమీ జరగలేదు," అన్నాడు తేజోమూర్తి.

"అయితే గేటు దగ్గర ఉన్నది ఏమిటి?"

ఇద్దరూ కాసేపు తెరలు చూసుకున్నారు. అది గేటుకు సంబంధించిన ప్రశ్న అన్నారు. ఒకే జవాబు, ఒకే స్వరం. అనుసంధానపు తొలి లక్షణంగా దీన్ని గుర్తించాను.

రహదారి రక్షక విభాగానికి ఫోను చేశాను. డ్రైవరు క్యాబిన్‌లో ఉన్నాడా అని అడిగారు. ఉన్నాడన్నాను. తలుపు మూసి ఉందా అని అడిగారు. ఉందన్నాను. అయితే విధుల్లో సురక్షితంగా ఉన్నాడన్నారు. ఎండ నిషేధ ప్రాంతంలోకి సహాయ వాహనం పంపాలంటే మనిషి కనిపించకుండా పోవాలి, లేదా ప్రమాదం జరగాలి. విధుల్లో ఉన్నవారిని రక్షించే నిబంధన లేదు. నేను ధన్యవాదాలు చెప్పాను. నా సంతృప్తిని ఒకటి నుంచి ఐదు వరకు ఒక అంకెలో చెప్పమన్నారు.

నమోదు 7

నాగూర్ మీరా భార్య ఖాజాబీ నేలమాళిగకు వచ్చారు. కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"సారూ, మీరేనంట గదా డాక్టరు?"

"ఆ డాక్టరును కాదమ్మా."

"ఏ డాక్టరైతే ఏంది. మా ఆయన్ని అక్కడ నిలబెట్టింది మీరేనంట గదా?"

నిలబెట్టింది రెండు వ్యవస్థల మధ్య అభిప్రాయభేదమని, అది పరీక్షలో భాగమని వివరించాను. ఆమె ఓపికగా విన్నారు.

"ఇద్దర్లో ఒకర్ని తీసెయ్యండి. ఎవుర్ని తీసేసినా మా ఆయన బయటపడతాడు. ఒకడు ముందుకు పొమ్మంటాడు, ఇంకోడు వెనక్కి రమ్మంటాడు. ఏదో ఒక పక్కకొస్తాడు గదా."

ఇది సరైన మాటే. ఇరుసును ఎంచితే గేటు తెరుచుకుంటుంది. పగ్గాన్ని ఎంచితే బండి వెనుదిరిగి మళ్లీ బయల్దేరవచ్చు. అయితే ఎంపిక జరగాలంటే మూల్యాంకనం ముగియాలి. మూల్యాంకనం ముగియాలంటే పరీక్షా ప్రయాణం పూర్తికావాలి. ప్రయాణం పూర్తికావాలంటే ఎంపిక జరగాలి. ఇదంతా బొమ్మ గీసి చూపించాను. గుండ్రంగా వచ్చింది.

ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూశారు.

"బాగా గీశారు," అని, గోడ పక్కన నేలమీద కూర్చున్నారు. వెళ్లలేదు.

నమోదు 8

నాగూర్ మీరా ఒక ప్రతిపాదన చేశాడు. తోటల దగ్గర మచ్చపడిన కాయల్ని డ్రైవర్లకు ఇచ్చేస్తారు. వాటిని ఖాజాబీ కాయ పళంగా, విడిపోకుండా చీల్చి ఉప్పూ కారం కూరి ఊరబెడతారు. అతని క్యారియర్‌లో అలాంటివి ఆరు ఉన్నాయి.

"ఊరగాయ పెడితే ఒప్పుకుంటదా సార్?"

నియమావళిలో నిమ్మకాయ అనే ఉంది. పచ్చిదా, ఊరినదా అని లేదు. పరీక్షించవచ్చునన్నాను. గేటు దగ్గర ఆగిన బండికి ముందుకు వెళ్లే అనుమతి లేదు గానీ, జానెడు వెనక్కి జరిగే వీలుంది. అయితే పెట్టడానికి తలుపు తెరిచినంతసేపూ చల్లదనం పోతుంది, రెండు కాళ్లూ నేలమీద పెడితే దిగినట్టే లెక్క. అతను ఒక కాలు మెట్టుమీదే ఉంచి, ఒంగి, పొడుగాటి కర్రతో తోసి, రెండు కాయల్ని వెనక చక్రాల దగ్గరకు చేర్చాడు. బండి జరిగింది. కాయలు నలిగాయి. ఖాజాబీ లేచి నిలబడ్డారు.

పగ్గం తెరమీద సమాచారం వచ్చింది: ఉప్పు అధికం, కారం అధికం, ఇది ఆహార పదార్థం, రోడ్డుమీద ఆహారం పారవేయడం నేరం.

"చూశారా సార్, మా పరికరం ఎంత సున్నితమో," అన్నాడు తేజోమూర్తి. అతని గొంతులో నిజమైన గర్వం ఉంది.

ఇరుసు మాత్రం ఊరగాయను నిమ్మకాయగానే స్వీకరించింది. రెండు కాయలు నలిగాయి కనుక ఇంకో బండి బయల్దేరినట్టు నమోదు చేసింది. ఇప్పుడు ఇరుసు ప్రకారం గుండ్లకొండ గేటు దగ్గర రెండు బండ్లున్నాయి. ఒకదానికొకటి అడ్డంగా ఉన్నందున రెండూ కదలరాదు.

"నెక్స్ట్ వెర్షన్‌లో సరిచేస్తాం సార్," అంది హంసిని.

నాగూర్ మీరా ఫోనులో నవ్వాడు. "ఒక బండికే చల్లదనం లేదంటే, ఇంకోటి గూడా ఇచ్చారా. ఓనర్ని చేశారు నన్ను."

ఖాజాబీ ఫోను అందుకున్నారు. "తిన్నావా?"

"తిన్నా. కాయలు ఇంకా నాలుగుండయ్. ముట్టుకోబుద్ధి కావట్లా, దప్పికైతదని."

"ఉప్పెక్కువేశానా?"

"ఆ మిషనుకు ఎక్కువైందంట. నాకు సరిపోయింది."

నమోదు 9

భద్రయ్య గారిని ఇంటిదగ్గర కలిశాను. బండిలో చల్లదనం అడుగంటిందని, ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌ను ఈ రోజే ఎంచమని, అవసరమైతే చీటీ వేసైనా తేల్చమని లిఖితపూర్వకంగా కోరాను. డాక్టరేటు పొందిన తర్వాత నేను చేసిన అశాస్త్రీయమైన సిఫారసు ఇదొక్కటే.

ఆయన కాగితం రెండుసార్లు చదివారు.

"నాగూరు నా దగ్గర పెరిగినోడయ్యా. నాకు బాధ లేదనుకుంటున్నావా?"

"లేదనుకోవడం లేదండీ."

"ఇప్పుడు ఒకణ్ణి ఎంచామనుకో. పరీక్ష అయిపోకుండా ఎట్టా ఎంచావని రెండోవాడు కోర్టుకు పోతాడు. కోర్టు స్టే ఇచ్చిద్ది. స్టే ఉన్నంతకాలం ఏ బండీ కదలదు. అన్ని బండ్లలోనూ నాగూర్లే గదా ఉండేది."

ఆలోచిస్తే అదీ సరైన మాటే. ఈ వ్యవహారంలో నాకు తారసపడిన మనుషులందరూ సరైన మాటే అంటున్నారు.

"కమిటీని పిలవండి," అన్నాను.

"పిలుద్దాం. సభ్యులు సగం మందైనా రావాల గదా. ఎండ తగ్గనీ."

నమోదు 10

నాగూర్ మీరా గొంతు మారింది. మాట మాటకూ మధ్య ఊపిరి వినబడుతోంది. క్యాబిన్ అద్దాలు ముట్టుకోలేకపోతున్నానన్నాడు. స్తంభం నీడ సన్నగా రోడ్డుమీద పడుతోందని, లోపలికంటే ఆ నీడే నయంగా కనబడుతోందని అన్నాడు.

"డాక్టరు గారూ, ఒక మాట అడుగుతా, ఉన్నదున్నట్టు చెప్పండి. నేను దిగిపోతే ఈ బండి పోద్దా?"

"పోతుంది. డ్రైవరు లేని బండికి ప్రారంభం అక్కర్లేదు."

"నేను బండిలో ఉన్నంతసేపు నాకోసం ఎవరూ రారా?"

"విధుల్లో ఉన్నవారికి నిబంధన లేదు."

"దిగి, కనపడకుండా పోతే?"

"కనిపించకుండా పోయినవారి కోసం సహాయ వాహనం పంపాలి. నిబంధన ఉంది."

"ఇంకేం మరి. దిగితే బండీ పోద్ది, నాకోసమూ వస్తారు. ఉంటే రెండూ లేవు."

నేను ఒక్క క్షణం ఆలోచించాను. తర్కంలో లోపం కనబడలేదు. కనబడలేదనే చెప్పాను.

ఖాజాబీ అప్పుడు నేలమాళిగలో లేరు. మంచినీళ్లు పట్టుకోవడానికి పైకి వెళ్లారు. ఆమెకు ఏమైనా చెప్పాలా అని అడిగాను.

"ఏం లేదు. క్యారియర్ పారెయ్యనని చెప్పండి. పోయినసారి పోగొట్టానని నెల తిట్టింది."

ఫోను అతనే పెట్టేశాడు.

నమోదు 11

పరీక్ష మొదలైన తర్వాత మొదటిసారిగా ఇరుసు, పగ్గం ఒకే సమాచారం ఇచ్చాయి: బండిలో డ్రైవరు లేరు. గేటు తెరుచుకుంది. స్తంభం బండికి నిండా చల్లదనం పోసింది. ఇరుసు తన రెండో బండిని తనంతట తానే రద్దు చేసుకుంది. బండి రేవు వైపు బయల్దేరింది.

నేలమాళిగలో చప్పట్లు మోగాయి. హంసిని, తేజోమూర్తి కరచాలనం చేసుకున్నారు.

నేను వెంటనే రహదారి రక్షక విభాగానికి కనిపించకుండా పోయిన మనిషి గురించి దరఖాస్తు పంపాను. వారు రెండు సాఫ్ట్‌వేర్లనూ విచారించారు. డ్రైవరు దిగడంతో విధి ముగిసిందని, విధి ముగిసిన డ్రైవరు ఇంటికి వెళ్లినట్టేనని ఇరుసు చెప్పింది. డ్రైవరుతో ప్రయాణం మొదలే కాలేదని, కనుక అతను ఉదయగిరి షెడ్డులోనే ఉన్నాడని పగ్గం చెప్పింది. కనిపించకుండా పోయినవారు ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్నకు మాత్రం రెండూ ఏకగ్రీవంగా, ఎవరూ లేరని జవాబిచ్చాయి. దరఖాస్తు మూసివేశారు.

నిబంధన ఉందని నేను అతనికి చెప్పాను. నిబంధన ఉంది.

ఖాజాబీకి జరిగింది చెప్పాను. ఆమె కేకలు వేయలేదు. క్యారియర్ మాట కూడా చెప్పాను. అప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నమోదు 12

బండి క్షేమంగా చేరింది. పెట్టె తెరుచుకుంది. ఒక్క కాయ కూడా చెడలేదు. భద్రయ్య గారు ఒకదాన్ని వాసన చూసి, కళ్లు తుడుచుకుని, కాటా దగ్గరకు పంపమన్నారు. కళ్లు తుడుచుకోవడానికి కారణం విచారించలేదు.

నివేదిక సమర్పించాను. రెండు సాఫ్ట్‌వేర్లకూ సమాన మార్కులు వచ్చాయి. ఏది ఎంచాలన్న చర్చ అవసరం లేకుండానే రెండు కంపెనీలూ విలీనమైనట్టు ప్రకటించాయి. ఉమ్మడి సాఫ్ట్‌వేర్ పేరు 'ఇరుసుపగ్గం'. గేటు, కాటా, స్తంభం, బీమా, అన్నిటితోనూ ఇది మాట్లాడుతుంది. నాలుగు కాయల తీర్మానం అందులో చేరింది. నా శ్రేణుల్లో మొదటిదాన్ని నిజంగా అందుకున్న సాఫ్ట్‌వేర్ ఇదే. సభ్యులు నన్ను శాలువాతో సత్కరించారు. ఈ ఎండల్లో శాలువా.

ప్రారంభోత్సవంలో తొలి బండి కింద నిమ్మకాయలు పెట్టే గౌరవం నాకే ఇచ్చారు. నాలుగు కాయలు చేతికిచ్చారు. తీసుకుని జేబులో వేసుకున్నాను. సొంతపనిమీద సెలవు కోరుతూ అక్కడే చీటీ రాసిచ్చాను.

నమోదు 13

సంఘం జీపు తీసుకున్నాను. ఖాజాబీ వెంట వచ్చారు.

ఇరుసుపగ్గం ప్రయాణ ప్రయోజనం అడిగింది. మూడే ఉన్నాయి: సరుకు చేర్చడం, సరుకు తేవడం, ఖాళీగా తిరిగిరావడం. రెండోది ఎంచాను. సరుకు బరువు ఎంత అని అడిగింది. ఆమెవైపు చూశాను.

"డెబ్బై కిలోలుండేవాడు," అన్నారు. తలుపు వేసుకుంటూ, "ఇప్పుడు తగ్గుంటాడు," అన్నారు.

డ్రైవరుగా నా పేరు రాసుకుంది. ప్రయాణికులన్న వర్గం ఇంకా రూపొందించలేదు కనుక ఆమెను ఖాళీ గోతాంగా నమోదు చేయవలసి వచ్చింది. రాయండి, ఏదో ఒకటి అన్నారు. గమ్యం గుండ్లకొండ గేటు. జేబులోని నాలుగు కాయలూ నాలుగు చక్రాల కింద పెట్టాను. నలిగాయి. దారిలో ఎక్కడా ఆగలేదు. ప్రతి గేటూ మేము చేరకముందే తెరుచుకుంది. ఇంత చక్కని అనుసంధానాన్ని నేను నా వృత్తిజీవితంలో చూడలేదు.

గుండ్లకొండ చేరేసరికి ఎండ వాలుతోంది. స్తంభం నీడ పొడుగ్గా పడి ఉంది. నీడలో ఎవరూ లేరు. స్తంభం మొదట్లో క్యారియర్ ఉంది. గిన్నెలు పేర్చి, గొళ్లెం వేసి, గాలికి పడకుండా రాయి ఆనించి ఉంది. నీళ్ల డబ్బా లేదు, తుండుగుడ్డా లేదు. దీన్నిబట్టి అతను ఎటో బయల్దేరాడని భావించవచ్చు. ఎటో చెప్పే పరికరం ఇక్కడ లేదు. రోడ్డుమీద నడిచేవారిని నమోదు చేసే సాఫ్ట్‌వేర్ పదిహేడింటిలోనూ లేదు.

ఖాజాబీ దిగి రోడ్డుమీద ఒకచోట ఒంగి చూశారు. అక్కడినుంచి కొంచెం ముందుకు జరిగి మళ్లీ ఒంగారు. అలా నాలుగుచోట్ల. జీపు అద్దంలోంచి నాకూ కనిపిస్తున్నాయి. టైరు గుర్తులు మొదలైన నాలుగుచోట్లా ఎర్రటి మరకలు, అణిగిపోయిన తొక్కలు. ముందు నలిగిన రెండు కాయల మరకలు వేరే, కాస్త వెనకగా ఉన్నాయి.

"నా చేతి కాయలే," అన్నారు. "నాలుగూ పెట్టాడు. ఖాళీ బండికి ఎవరన్నా పెడతారా సారూ?"

"అక్కర్లేదమ్మా. డ్రైవరు లేని బండికి నిమ్మకాయ అక్కర్లేదు."

"మరెందుకు పెట్టాడు?"

నాకు తెలియదని చెప్పాను. ఈ దినచర్యలో ఆ మాట ఇదే మొదటిసారి.

ఆమె క్యారియర్ తీసుకుని కొంగుతో తుడిచారు. గేటు దాటి, అతని పేరు పెట్టి పిలుస్తూ దారి వెంట నడవడం మొదలుపెట్టారు. నేను దిగలేదు. దిగితే జీపు డ్రైవరు లేని బండి అవుతుంది. అలా అయితే అది వెళ్లిపోతుంది.

సరుకు అందిందా అని ఇరుసుపగ్గం అడుగుతోంది. అందింది, లేదు అని రెండే జవాబులున్నాయి. ఏది నొక్కినా బండి వెనక్కి తిరుగుతుంది. నొక్కకపోతే ఇక్కడే ఉంటుంది. గమ్యం చేరిన బండికి స్తంభం చల్లదనం పోయదు. ఉన్నది తరుగుతోంది. నేను నొక్కలేదు. ఆమె పిలుపు ఇంకా వినబడుతోంది, చిన్నగా.

ఈలోగా, నివేదికకు అనుబంధంగా కింది వాక్యాన్ని చేర్చవలసిందిగా కమిటీని కోరుతున్నాను:

గుండ్లకొండ గేటు వద్ద సదరు బండి నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు నలిగాయని, ప్రయాణం సవరించిన తీర్మానం ప్రకారమే ప్రారంభమైందని, అందులో డ్రైవరు వైపు నుంచి లోపమేమీ లేదని, స్వయంగా చూసి ధ్రువీకరిస్తున్నాను.